పల్లె పుచ్చుకొన్న మతము: తూర్పు ఆఫ్రికా రచనలు, తెలుగు మాట

మతాంతరమును గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడెల్ల మన విమర్శకులు ముందుగా కలకత్తా వైపు చూచుట అలవాటైనది. అందుకు కారణము లేకపోలేదు. 1831లో కృష్ణమోహన బందోపాధ్యాయుడు ఇంట లేని వేళ ఆయన మిత్రులు కొందరు అక్కడ కూడి గోమాంసము తిని, మిగిలినదానిని పొరుగు బ్రాహ్మణుని ఇంటిలోనికి విసరినారు. అల్లరి చెలరేగినది. తాను చేయని పనికి కృష్ణమోహనుడు ఇల్లు విడువవలసివచ్చినది. మరుసటి సంవత్సరమే అలెగ్జాండరు డఫ్ చేతిమీదుగా క్రైస్తవుడైనాడు. 1843 ఫిబ్రవరి 9న మధుసూదన దత్తు ఓల్డు మిషను చర్చిలో బాప్తిస్మము పొందినాడు. హిందూ కళాశాలలో ఆయన చదువు అంతటితో ఆగిపోయినది. ఈ కథలన్నిటికిని రూపురేఖ ఒక్కటే. ఒక యువకుడు, ఒక గ్రంథము, ఒక గడప. యువకుడు గ్రంథము చేతబట్టి గడప దాటును. ఇంటివారు లోపల ఏడ్తురు. వీధివారు "జాత్ గేలో" అందురు. కులము పోయినదని దాని అర్థము.

ఈ రూపురేఖ సాహిత్యవిమర్శకు కొంత మేలు చేసినమాట నిజమే. 'మేఘనాదవధ కావ్యము' (1861) వెనుక గడప దాటినవాని ఒంటరితనము కలదని చెప్పినవారు తప్పు చెప్పలేదు. (ప్రసంగవశమున ఒక మాట. మధుసూదనుడు మద్రాసులో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలమున, 1849లో, మిత్రునికి వ్రాసిన ఉత్తరములో తన దినచర్యను వర్ణించుచు, ప్రతిదినము కొన్ని గంటలు తెలుగునకును సంస్కృతమునకును కేటాయించినట్లు తెలిపినాడు. ఆ తెలుగు చదువు ఆయన రచనలో ఎక్కడ తేలినదో వెదకుట మన పరిశోధకులకు తగిన పని.) కాని ఈ కొలబద్దనే పట్టుకొని గూగీ వా థియాంగో నవలలను, ఓకోట్ పిబిటెక్ కావ్యమును, మన జి. కల్యాణరావు 'అంటరాని వసంతము'ను కొలువబోతిమా, అది చాలదు. అక్కడ గడప దాటునది ఒక్క యువకుడు కాదు. పల్లెకు పల్లె కదలును. లేదా పల్లె రెండుగా చీలును. కొత్త మతము ఎదుర్కొన్నది ఒక మనస్సాక్షిని కాదు, పెద్దలను, పంచాయితీని, పంచుకొని తిను కూటిని, చావునకు పుట్టుకకు కూడివచ్చు బంధుత్వమును. తూర్పు ఆఫ్రికా రచనలను తెలుగులోనికి తేదలచిన వారికి హుగ్లీ ఒడ్డు కథ కంటె గుండ్లకమ్మ ఒడ్డు కథయే ఎక్కువ అక్కరకు వచ్చునని నా అభిప్రాయము. అంతేకాదు, ఆ కథ చెప్పుటకు తెలుగులో ఒక భాష ఏనాడో ఏర్పడియున్నది. దానిని మన సాహిత్యలోకము తన ఆస్తిగా ఇంకను లెక్క వ్రాసుకొనలేదు.

తెలుగు పల్లెటూళ్ళలో మతాంతరమునకు రెండు క్రియలున్నవి. ఊరివారు "కిరస్తానములో కలిసిపోయినారు" అందురు. పల్లెవారు "మతము పుచ్చుకొన్నాము" అందురు. కలిసిపోవుట అనగా కనబడకుండ పోవుట. పాలలో నీళ్ళు కలిసినట్లు, మందలో గొర్రె తప్పినట్లు. పుచ్చుకొనుట అనగా ఇచ్చినదానిని చేయిచాచి అందుకొనుట. కట్నము పుచ్చుకొన్నట్లు, కౌలు పుచ్చుకొన్నట్లు. మొదటి క్రియలో బంగాళీల "జాత్ గేలో" ఛాయ కలదు. రెండవదానిలో పోవుట అన్న ఊహయే లేదు. అది ఒక బేరము, ఒక ఒప్పందము, ఒక హక్కు. ఈ రెండు క్రియల మధ్య దూరమును గ్రహింపక ఆఫ్రికా నవలను అనువదింపబూనినవాడు మొదటి పుటలోనే దారి తప్పును. కికుయు ప్రజలు తమలోని క్రైస్తవులను "అథోమి" అని పిలిచినారు. చదువరులు అని అర్థము. ఉగాండాలో గాండా ప్రజల మాట కూడ అట్టిదే. దేవుని మార్చుకొన్నవారు అని కాక, చదువు పుచ్చుకొన్నవారు అని. మన పల్లెలలో మిషను బడికిని ప్రార్థనకును ఒకే పాక చాలిన రోజులను తలచుకొన్నవారికి ఈ పేరు వింతగా తోచదు.

తెలుగు బైబులు చరిత్ర సైతము కొంత కలకత్తా పరిసరములలోనే జరిగినది. నగరమునకు ఎగువన, హుగ్లీ పడమటి ఒడ్డున ఉన్న శ్రీరాంపురము అప్పుడు డేనుల ఏలుబడిలో ఉండెను. 1800లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మువ్వురు అక్కడ మిషనును, ముద్రణాలయమును నెలకొల్పినారు. విశాఖపట్నములో దెగ్రాంజెసు, ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణుని సాయముతో తెలిగించిన సువార్తలు ఇక్కడనే అచ్చుపడినవి. 1812 మార్చి 11 రాత్రి ముద్రణాలయము కాలిపోయినప్పుడు కేరీ సిద్ధపరచిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు అందులో బూడిద అయినది. ఆయన దానిని మరల వ్రాసి 1814లో ప్రకటించినాడు. 1818లో శ్రీరాంపురపు తెలుగు కొత్త నిబంధన వెలువడినది. పండితుల చేత, సంస్కృతపు ఆసరాతో, తెలుగునేలకు ఎంతో దూరమున తయారైన ఈ అనువాదము పల్లెకు చేరలేదు. పల్లెకు చేరినది తరువాతి తరముల వారు మార్చి మార్చి దిద్దిన తెలుగు. వ్యక్తికి, విద్యావంతునికి, వాదమునకు అనువైన మాట శ్రీరాంపురమున పుట్టినది. పదిమంది కూడి పాడుకొనదగిన మాట తెలుగునేల మీదనే పుట్టవలసివచ్చినది.

ఆ రెండవ మాటను తయారుచేసినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు ముందు చెప్పవలెను. రాగము, తాళము కట్టి ఆయన వ్రాసిన కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను పాటలపుస్తకములో నేటికిని నిలిచియున్నవి. త్యాగరాజు, రామదాసు కీర్తనలు పాడిన గొంతుకలకు ఆ వరుసలు కొత్త కావు. మన సాహిత్యచరిత్రలలో ఆయనకు దొరకిన చోటు ఎంతటిదో పాఠకులే ఎరుగుదురు.

సువార్తను ఇయ్యవచ్చిన మిషనరీ తాను కూడ ఒకటి పుచ్చుకొన్నాడు, అది సామెత. కలకత్తాలో జేమ్సు లాంగ్ అను పాదిరి బంగాళీ సామెతలను వేలకొలది కూర్చి 1868 మొదలుగా ప్రకటించినాడు. 'నీలదర్పణము' ఆంగ్లానువాదమును అచ్చువేయించినందుకు 1861లో నెలదినములు చెరసాలలో ఉన్నవాడు ఈయనయే. విధించిన వేయి రూపాయల జరిమానాను కాళీప్రసన్న సింహుడు చెల్లించినాడు. ఆ 1868లోనే మద్రాసులో కెప్టెన్ కార్ 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' వెలువడినది. ఆయన మిషనరీ కాడు, సైనికుడు. ఐనను పని అదే. 1891లో టేలరు అను మిషనరీ స్వాహిలీ సామెతల సంపుటము ప్రకటించినాడు. డఫ్ శిష్యుడైన లాల్ బిహారీ డే తాను క్రైస్తవుడై నలువది ఏండ్లు గడచిన పిమ్మట, 1883లో, బంగాళపు అవ్వల కథలను ఆంగ్లమున కూర్చినాడు. ఈ నాలుగు పుస్తకములు ఎదుట పెట్టుకొని చూచిన ఒక విషయము తేటపడును. సామెతలు అందులో ఉన్నవి. వాటిని ఎవరు ఎవరితో ఎప్పుడు అనినారో లేదు. అకారాదిక్రమమున పేర్చిన సామెత ఎండబెట్టిన చేప వంటిది, నిలువ ఉండును గాని ఈదదు.

సముదాయపు వివేకము అని మనము గౌరవముగా పిలుచునది ఒక వాక్యముల పోగు కాదు. అది ఒక నడవడి. తగవు వచ్చినప్పుడు ముందు ఎవరు మాట్లాడవలెను, ఎవరు చివర మాట్లాడవలెను, తప్పు ఒప్పుకొన్నవాని చేత ఏమి కట్టించవలెను, కట్టినదానిని ఎందరు కూడి తినవలెను, ఆ తిన్న తరువాత ఎవరును ఎత్తిపొడవరాదు అను నియమము ఎంతవరకు, ఇదియే వివేకము. గూగీ 'ద రివర్ బిట్వీన్' (1965)లో కనబడు 'కియామ', అనగా కికుయు పెద్దల సభ, అట్టి నడవడికి పేరు. మన కులపంచాయితి కూడ అట్టిదే. సామెత ఆ సభలో తీర్పునకు గొళ్ళెము. పెద్దమాదిగ నోట వచ్చిన సామెతకును, కార్ పుస్తకములో అచ్చుపడిన సామెతకును అక్షరములు ఒకటే కావచ్చును, పని ఒకటి కాదు. అనువాదకుడు ఆఫ్రికా సామెతకు తెలుగు సామెతను వెదకి అతికించి తృప్తి పడునప్పుడు తరచు ఈ పనినే జారవిడుచుచున్నాడు.

ఇక ఆఫ్రికా వారి వాదమునకు వత్తము. కెన్యా దేశీయుడు, ఆంగ్లికను గురువు అయిన జాన్ ఎంబీటి (1931–2019) 1969లో ప్రకటించిన గ్రంథములో రెండు ముఖ్యవిషయములు చెప్పినాడు. ఆఫ్రికాలో మనిషి తన సముదాయము ఉన్నందువలననే తానున్నాడని మొదటిది. మిషనరీ రాకమునుపే ఆఫ్రికా ప్రజలు దేవుని ఎరుగుదురని రెండవది. ఈ రెండవదానిని వినగానే కలకత్తా చదువరికి కృష్ణమోహనుడు గుర్తుకు వచ్చును. 1875లో ఆయన వేదములోని ప్రజాపతి యజ్ఞమునకును క్రీస్తు బలికిని సామ్యము చూపి ఆంగ్లములో ఒక గ్రంథమే వ్రాసినాడు. కొత్తదానిని పాతదాని నెరవేర్పుగా చూపుట ఇద్దరి పద్ధతి. ఉగాండాకు చెందిన ఓకోట్ పిబిటెక్ (1931–1982) దీనికి అడ్డము తిరిగినాడు. ఆఫ్రికా దేవతలకు గ్రీకు వేషము వేసి చర్చి వాకిట నిలబెట్టుచున్నారని ఆయన ఆక్షేపణ.

ఓకోట్ చెప్పిన ఒక వృత్తాంతము అనువాదకులందరు నెమరువేయదగినది. 1911లో ఇటలీ పాదిరులు అచోలీ పెద్దలను కూర్చుండబెట్టి, మిమ్ము సృష్టించినవాడెవడని అడిగినారు. లువో భాషలో సృష్టి అను ఊహకు మాట లేదు. అందుచే ప్రశ్న "మిమ్ము మలచినవాడెవడు" అని మారినది. మనుష్యులు తల్లులకు పుట్టుదురు గదా, మలచుట ఏమిటని పెద్దలు తెల్లబోయినారు. పాదిరులు పట్టు విడువలేదు. చివరకు ఒక పెద్దకు ఒకటి తోచినది: వెన్నెముకకు వ్యాధి సోకి గూనివారైనవారిని 'రుబాంగా' అను దుష్టశక్తి అట్లు మలచునని తమవారు అనుకొందురు. ఆ పేరు చెప్పినాడు. నాటినుండి ఆ పేరే బైబులు దేవునికి స్థిరపడినది.

దీనిని విని నవ్వుకొని ఊరకుండరాదు. ఇక్కడ తప్పు ఒక్క పదమునది కాదు, ప్రశ్నది. పాదిరి వ్యక్తికి కర్తను వెదకుచున్నాడు. పెద్ద తల్లులను, వంశమును తలచుచున్నాడు. ఇటువంటి తాకిడి కికుయు సీమలో మరింత తీవ్రముగా జరిగినది. 1929లో స్కాచి మిషను, మరికొన్ని మిషనులును, బాలికలకు చేయు సున్నతి ఆచారమును విడనాడినవారికే సంఘములోను బడిలోను చోటని పట్టుబట్టినవి. వేలమంది మిషనును విడిచిపోయినారు. బైబులును మాత్రము విడువలేదు. తమ బడులు తాము కట్టుకొని, తమ చర్చిలు తాము పెట్టుకొన్నారు. వారి వాదమునకు అనువాదమే ఆయుధమిచ్చినది. కికుయు బైబులులో కన్య మరియకు వాడిన 'మూయిరీటు' అను మాటకు ఆ భాషలో అర్థము, ఆ సంస్కారము జరిగి ఇంకను పెండ్లికాని పిల్ల అని. మరియయే అట్టిదైనప్పుడు మా పిల్లలకు దోషమేమని వారు అడిగినారు. మిషనరీ ఒక పదమును అరువు తెచ్చుకొన్నాడు. ఆ పదము తన వెంట ఊరినంతటిని తెచ్చినది.

ఇప్పుడు ఒంగోలు. జాన్ క్లౌ అను అమెరికను బాప్తిస్టు మిషనరీ 1866లో అక్కడకు వచ్చునప్పటికే, రాజయోగపు గురువుల బోధ విని ఒక దేవుని వెదకుచున్న ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద ఉండెను. తోళ్ళ బేరముపై ఊరూరు తిరిగినవాడు. తాను విన్నదానిని ఆయన ముందు తనవారికి చెప్పినాడు, తనవారితో కలిసి క్లౌను రప్పించినాడు. ఇచట యువకుడు గడప దాటలేదు. పెద్ద తన పల్లెను వెంటబెట్టుకొని వచ్చినాడు. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి ఆకలిగొన్నవారికి కూలి చూపినాడు. కూటికొరకు మతమన్న నింద రాకూడదని కరవు ఉన్నంతకాలము బాప్తిస్మములు ఆపినాడు. ఆ పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ అంకెను చూచి కొందరు మురిసినారు, కొందరు ముక్కు విరిచినారు. ఇద్దరును అంకెనే చూచినారు. అందులో కుటుంబములు, వియ్యములు, పాలెములు ఉన్నవని, ఒకరిని విడిచి ఒకరు నీటిలోనికి దిగువారు కారని గమనించినవారు తక్కువ.

క్లౌ చేరవచ్చినవారికి పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పరదేశికి ఇవి మూడును మతవిషయములు. పల్లెలో ఇవి ఊరి ఆర్థికవ్యవస్థను కదిలించు మూడు గునపములు. చచ్చిన పశువు మాదిగవాని హక్కు. ఆ తోలు చెప్పులుగ, మోకులుగ, కపిల తిత్తిగ మారి రైతునకు చేరవలెను. దానికి బదులు కళ్ళములో గింజ రావలెను. అమ్మవారి కొలువునకు డప్పు వాయించుట బాధ్యత, దానికి మేర కలదు. మొదటి కట్టుబాటు వెట్టిని తాకినది, రెండవది తోలును తాకినది, మూడవది డప్పును తాకినది. ఊరి పెద్దలకు కోపము వచ్చినది దేవుళ్ళను గూర్చి కాదు. ఈ సంగతిని క్లౌ గుర్తించెననుటకు ఆయన ఆత్మకథాత్మక గ్రంథము (1914) సాక్ష్యము. పల్లె కట్టడిని చెదరగొట్టక దానిలోని పెద్దల ద్వారానే పని జరుపవలెనని ఆయన తెలుసుకొన్నాడు. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' లో మాదిగల అరుంధతి గాథలు, మాతంగి గాథలు, గురువుల కథలు చెదరక దొరకుచున్నవి. మతము మార్చవచ్చినవారి ఇంటనే ఆ మతము తుడిచివేయబోయిన జ్ఞాపకము భద్రపడుట విచిత్రము. లాంగ్ సామెతల విషయములో చూచినదే ఇది. కాని ఎమ్మా పుస్తకము లాంగ్ పుస్తకము కంటె ఒక మెట్టు పైన ఉన్నది. అందులో కథతో పాటు కథ చెప్పినవారు ఉన్నారు.

ఈ నేపథ్యమున 'అంటరాని వసంతము' (2000)ను 'ద రివర్ బిట్వీన్' ప్రక్కన పెట్టి చదువవలెను. గూగీ నవలలో హోనియా నదికి ఇరువైపుల రెండు గట్లు: ఒకటి కమేనో, పాత ఆచారమును కాపాడుచున్నది, రెండవది మకూయు, బోధకుడైన జోషువా ఉన్న చోటు. కల్యాణరావు నవలలో నది లేదు, ఊరికిని పల్లెకును నడుమ దూరము కలదు. గూగీ పాత్రలు మతము రాకమునుపు ఒకటే జనము, మతము వచ్చి చీల్చినది. ఎన్నెలదిన్ని వారు మతము రాకమునుపే ఊరి చేత వెలివేయబడినవారు; మతము వారిని క్రొత్తగా చీల్చుటకు ముందు, వారికి ఒక కొత్త పేరు ఇచ్చినది. ఈ భేదమును మరచి రెండు నవలలను ఒకే గాట కట్టుట సులభము, తప్పు. ఎల్లన్నకు ఆట నేర్పిన ఉరుముల నాగన్న వద్ద ఉన్నది పల్లె విద్య. శివయ్య కరవులో కాలువపనికి పోవునాటికి ఆ విద్య కడుపు నింపలేకపోయినది. అంటరానితనము కాలువగట్టు దాకా వెంట వచ్చినది. ఈ కథనంతటిని నడుపుచున్నది రూతు జ్ఞాపకము. ఆమె క్రైస్తవురాలు. క్రైస్తవము రాకమునుపటి తాతముత్తాతల పాటను, వీధిభాగోతమును ఆమె తలచుకొనుచున్నది. గూగీ నవలలో అట్టి స్త్రీ లేదు. ఉండదగిన బాలిక ముథోని చిన్నవయసుననే మరణించినది. తెలుగు నవల ఈ ఒక్క విషయమున గూగీ నవల కంటె ముందుకు పోయినదని నా తలపు.

సముదాయమును పొగడుటలో ఒక ప్రమాదము ఉన్నది. పల్లె వివేకము పేరిట ఏడేండ్ల పిల్లను దేవతకు విడుచుట కూడ జరిగినది. జోగిని ఆచారమును నిషేధించుటకు ఆంధ్రప్రదేశములో 1988లో చట్టము చేయవలసివచ్చినది. కులపంచాయితి తప్పు కట్టించి కలుపుకొనుట ఎంత నిజమో, వెలివేసి చంపుట అంత నిజము. గూగీ ఈ విషయమున కపటము చూపలేదు. ముథోని పుండు మాని బ్రతికియున్న ఆచారము గెలిచెనని వ్రాయవచ్చును. ఆయన ఆమెను చంపినాడు. నవల చివర వయ్యాకిని, నయాంబురాను కియామ తీర్పునకు అప్పగించి ఊరిజనము మాట్లాడక తప్పుకొన్నారు. ఆ మౌనమునకు మించిన సముదాయ విమర్శ నేను చదువలేదు. పాదిరి మాటలన్నియు పెత్తనమని, పెద్దల మాటలన్నియు జ్ఞానమని తేల్చు అనువాద పీఠికలు ఈ నవలను చదువనివారు వ్రాసినట్లున్నవి.

అనువాదకుని చేతిలోని పనిముట్లను గూర్చి కొంత చెప్పవలెను. 1980లలో జైలులో ఉండి వరవరరావు గూగీ నవలను, ఆయన జైలు జ్ఞాపకములను తెలుగు చేసిన నాటినుండి ఈ రచయిత మనవాడైనాడు. 2025 మే నెలలో ఆయన కన్నుమూసినప్పుడు మన పత్రికలు స్వంత కవిని పోగొట్టుకొన్నట్లే వ్రాసినవి. అనువాదమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసములను కలకత్తాలోని సీగల్ వారే 2023లో ప్రచురించినారు. ఐనను ఒక మాట దగ్గర మనమందరము తడబడుచున్నాము. ఆంగ్లములో 'ట్రైబ్' అని ఉన్నచోటనెల్ల 'తెగ' అని పెట్టుట. తెగ అనగానే తెలుగు పాఠకుని కన్నులకు విల్లమ్ములు కనబడును. ఓకోట్ ఆ ఆంగ్లపదమునే సహింపలేదు. 'గిరిజనులు' అంతకంటె దూరము. లక్షలమంది వ్యవసాయము చేసుకొను కికుయు వారిని పట్టుకొని అనదగిన మాట కాదు. 'ఉపనయనము' వంటి మాటను తెచ్చి ఆచారమునకు గౌరవము కూర్చబోవుట మరొక పొరపాటు. ఆ జంధ్యము ఎవరి భుజమున పడునో పల్లెవారికి తెలియును.

కొన్నిచోట్ల తెలుగు తానే ఎదురువచ్చి చేయి అందించును. 'సాంగ్ ఆఫ్ లావినో' (1966)ను ఓకోట్ ముందు అచోలీలో కట్టి, తరువాత తానే ఆంగ్లము చేసినాడు. చదువుకొన్న భర్త ఓకోల్ తెచ్చుకొన్న క్లెమెంటైనును గూర్చి లావినో దెప్పుమాటలు ఆంగ్లములో కొంత చప్పబడినవి. 'సవతి' అను మూడక్షరములు దొరకగానే తెలుగులో అవి ప్రాణము పోసుకొనును. అర్థము తెలియని ప్రార్థనలను గుంపుగా వల్లించు పద్ధతిని లావినో ఎగతాళి చేయు ఘట్టమునకు మన వీధిబడి వల్లెవేత ఉన్నది. కాని అక్కడ పెట్టవలసిన క్రైస్తవ పదజాలము ఎక్కడినుండి రావలెను? గ్రాంథిక నిఘంటువు నుండి కాదు. పల్లె చర్చినుండి రావలెను. 'మారుమనస్సు' అను సమాసమును చూడుడు: పశ్చాత్తాపము అను సంస్కృతపదము వెనుకకు చూచి కుములును, మారుమనస్సు ముందునకు నడుచును. 'బల్ల' అను మాటను చూడుడు. ప్రభుభోజన సంస్కారమును మన క్రైస్తవులు బల్ల అనియే అందురు. పంక్తిలో చోటు లేని జనమునకు ఒక బల్ల దగ్గర కూర్చుండుట ఎంతటి సంగతియో ఆ ఒక్క మాట చెప్పును. ఇంతటి పదములు ఉండగా మన అనువాదకులు 'క్రైస్తవ సాముదాయిక భోజన సంస్కారము' అని వ్రాయుట చూచినాను.

టాంజానియా అధ్యక్షుడైన జూలియస్ న్యెరెరె కాథలిక్కు. 'ఉజమా' అను పేర కుటుంబధర్మమునే రాజ్యధర్మము చేయబూని 1967లో అరూషా ప్రకటన చేసినవాడు. షేక్స్‌పియరు నాటకములను స్వాహిలీలోనికి తెచ్చిన అనువాదకుడు కూడ. ముసలితనమున ఆయన సువార్తలను 'ఉతెన్జి' అను స్వాహిలీ దేశిఛందస్సులో పెట్టినాడు. తూర్పు తీరపు ముస్లిము కవులు పెంచిన ఛందస్సు అది. తెలుగువాడు ఇది వినగానే జాషువను తలచును. 'క్రీస్తుచరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అంతకుముందే 'గబ్బిలము' (1941)లో, క్రైస్తవుల ఇంట పుట్టిన ఆ కవి, గుడిలోనికి పోలేని అరుంధతీసుతుని మొరను గబ్బిలముచేత శివునికి పంపినాడు. మొర క్రీస్తునకు కాక శివునికి ఎందుకు పంపెనని అడిగినవారున్నారు. పల్లె తన తగవును ఊరి పెద్ద ముందే పెట్టును, తన ఇంటి పెద్ద ముందు కాదు.

ముథోని చివరిమాటల దగ్గర ఈ చిక్కులన్నియు ఒక్క సర్వనామములో కూడినవి. జోషువా కూతురు ఆమె. తండ్రి మతమును విడువదలచక, తన జనములో పూర్తి ఆడుదానిగా నిలువదలచి, అత్త ఇంటికి పారిపోయి ఆ సంస్కారము చేయించుకొన్నది. మరణించుచు, తనకు యేసు కనబడుచున్నాడని, తాను తన జనములో అందమైన స్త్రీనైతినని అక్కకు చెప్పుమని వయ్యాకితో చెప్పును. ఆంగ్లములో ఉన్నది 'ట్రైబ్'. 'మా తెగలో' అనిన ఆ వాక్యము చచ్చిపోవును. 'మావాళ్ళలో' అనిన, తండ్రి గట్టున నిలిచిన అక్క నయాంబురా బయటనే ఉండిపోవును. తెలుగులో 'మా' అను మాట వినువారిని వెలుపల నిలుపును. 'మనవాళ్ళలో' అనినప్పుడు కమేనో వాడైన వయ్యాకియు, మకూయులో ఉన్న అక్కయు ఒక్కసారిగా లోపలికి వత్తురు. ఆంగ్లమునకు ఈ భేదము తెలియదు. నేనైతే 'మనవాళ్ళలో' అని వ్రాయుదును.